అవ్వ వడ్లకు నేను పూసిన మందు

మా నాన్న నన్ను కొత్తవాళ్ళకు పరిచయం చేసే పద్ధతి ఒకటుంది. "మా అమ్మాయి తెగుళ్ళు పెంచుతుందండీ" అంటాడు. అవతలివాళ్ళు తెల్లమొహం వేస్తే ఆయనకు అదో ఆనందం. "ఊళ్ళో అందరూ తెగులు పోతే బాగుండునని మొక్కుకుంటారు. ఈవిడకేమో తెగులు రాకపోతే అన్నం సహించదు" అని ఇంకో మాట తగిలిస్తాడు. మేం వేంసూరు దగ్గర వరి పండించే వాళ్ళం. తాత కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొనుక్కున్నారు. అందుకని నాన్న మాట సగం అటు, సగం ఇటు ఉంటుంది. వెటకారం మాత్రం పూర్తిగా ఆయనదే.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అశ్వారావుపేట దగ్గర ఒక పరిశోధన క్షేత్రంలో నా ఉద్యోగం. వరి, మొక్కజొన్న, జొన్న వంటి పంటలకు శిలీంధ్రాల వల్ల, వైరస్‌ల వల్ల వచ్చే తెగుళ్ళను చూడటం నా పని. వరికి వచ్చే టుంగ్రో వైరస్ కోసం, దాన్ని మోసుకొచ్చే పచ్చదీపపు పురుగుల్ని దోమతెర కట్టిన పెట్టెల్లో పెట్టి సాకుతాను. అగ్గితెగులు కోసం ప్రత్యేకంగా నారుమడి పోస్తాను. ఆ నారుమడిని చూస్తే ఏ రైతుకైనా కడుపు తరుక్కుపోతుంది. యూరియా అవసరానికి మించి వేస్తాం. రోజుకు ఐదారుసార్లు నీళ్ళు చిలకరించి, సాయంత్రం కాగానే పాలిథిన్ పట్టా కప్పి, నారుకు చెమట పట్టిస్తాం. మడి చుట్టూ తెగులుకు ఇట్టే లొంగిపోయే రకాన్ని కావాలని వేస్తాం. తెగులు సోకిన గడ్డిని ముక్కలు చేసి పైన చల్లుతాం. ఇంత మర్యాద చేశాక అగ్గితెగులు రాకుండా ఉంటుందా? ఆకుల మీద నూలుకండె ఆకారంలో మచ్చలు లేస్తాయి, అంచు గోధుమ రంగు, మధ్యలో బూడిద రంగు. వారం తిరిగేసరికి మడికి మడే మంట పెట్టినట్టు మాడిపోతుంది. ఆ మాడిన మడిలో ఏ వరస పచ్చగా నిలబడిందా అని మోకాళ్ళ మీద కూర్చుని వెతకడం నా ఉద్యోగం. నిలబడిన దాన్ని పట్టుకుంటే, రేపు దాన్నుంచి తెగులుకు తట్టుకునే కొత్త రకం తయారుచేయొచ్చు.

నా గురించి ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. నాకు నా పని మీద గర్వం ఎక్కువ. ఎదుటివాడు సగం మాట అనేలోపే నేను పూర్తి జవాబు ఇచ్చేస్తాను. "నువ్వు డాక్టరువి కాకపోవడం మనుషులు చేసుకున్న పుణ్యం" అని మా ఇంట్లో అంటుంటారు. ఈ కథలో తప్పంతా ఆ గర్వానిదే.

మూడేళ్ళ క్రితం మాట. అక్టోబరులో తెగుళ్ళ సర్వేకు బయల్దేరాను. అశ్వారావుపేట దాటి భద్రాచలం వైపు, పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యాక, తారు రోడ్డు వదిలి మట్టి బాటలో ఇంకో గంట పోతే వచ్చే ఊరు అది. ఇరవై మూడు ఇళ్ళు. అంతా కోయవాళ్ళు. ఆ ఏడు ముసురు వదలకుండా పట్టడంతో అగ్గితెగులు విరుచుకుపడింది. ఊరి పొలాల్లో దుకాణం నుంచి తెచ్చి వేసిన సన్నరకం నిలువునా మాడి ఉంది. కొన్ని చోట్ల వెన్ను మెడ దగ్గర నల్లబడి విరిగి వేలాడుతోంది. నేను కాగితం మీద అంకెలు వేసుకుంటూ పోతున్నాను. ఊరి చివర, అడవికి ఆనుకుని, రెండు గుంటల చెలక పచ్చగా కనపడింది. మనిషి నడుము దాటి ఎదిగిన వరి. ఆకుల మీద చిన్న చిన్న గోధుమ చుక్కలు తప్ప ఏమీ లేవు. గట్టు అవతల సన్నరకం బూడిదైపోయి ఉంది, గట్టు ఇవతల ఇది నవ్వుతూ నిలబడింది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

"ఏందమ్మా, కాళ్ళు గుంజుతున్నయా?" అని వెనక నుంచి అడిగింది ఒక ముసలావిడ. ఆ చెలక ఆమెదే. కొడుకులూ కోడళ్ళూ పత్తి, మొక్కజొన్న వేస్తారు, వరికి దుకాణం విత్తనమే తెస్తారు. ఈమె మాత్రం వాళ్ళ అత్త ఇచ్చిన కొండవడ్లను ఈ ముక్కలో ఏటేటా వేసుకుంటోంది. ఊళ్ళో ఆ వడ్లు ఇంకెవరూ వేయడం లేదు. పంటకాలం ఎక్కువ, దిగుబడి తక్కువ అని అందరూ వదిలేశారు.

"దీనికి అగ్గితెగులు రాదా అవ్వా?" అన్నాను.

"వస్తది. వచ్చి చూసి పోతది" అంది.

పంట కోశాక మళ్ళీ వెళ్ళి విత్తనం అడిగాను. ఆమె లోపలికి వెళ్ళి దోసెడు వడ్లు తెచ్చి గుడ్డలో మూటకట్టింది. ఇచ్చేముందు మాత్రం ఒక షరతు పెట్టింది. తిరిగి ఇవ్వాలి. ఏ ఏడు ఇచ్చినా సరే, ఆ ఏటి విత్తనాల పండగలోపు ఇవ్వాలి.

ఆ పండగ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి. ఆ ఊరి పద్ధతి ఇది. తొలకరికి ముందు ప్రతి ఇల్లూ తను వేయబోయే విత్తనాన్ని కాస్త తెచ్చి దేవత ముందు అడ్డాకులో పోస్తుంది. పూజ చేసే పెద్దాయన కోడిని ఆకు ఆకు దగ్గరికీ తీసుకెళ్ళి గింజ తినిపిస్తాడు. కోడి ముట్టిన గింజే ఆ ఏడు భూమిలో పడుతుంది. పండక్కి రాని గింజ పడదు. దుకాణం సంచుల్ని మాత్రం ఈ మధ్య ఈ లెక్కలోకి తీసుకోవడం మానేశారు. "అవి మా గింజలు కావు గద, వాటికి గిట్లాంటివి పట్టవు" అంది అవ్వ. ఆ మాట అప్పుడు నా చెవికి వినపడింది గానీ బుర్రకు ఎక్కలేదు.

ఆ దోసెడులో కొంత మా నారుమడిలో రెండు వరసలు వేశాను. మిగతాది పెంచి విత్తనం చేయడానికి మా క్షేత్రంలో చోటు దొరకలేదు. జాబితాలో లేని రకానికి మడి ఇవ్వరు. నాన్నను అడిగాను. "తెగుళ్ళు నా పొలానికి కూడా తెచ్చావా?" అని ఆయన రెండు రోజులు సతాయించి, గట్టు పక్కన నీళ్ళు నిలవని ముక్క ఒకటి ఇచ్చాడు. తీరా అది ఎదిగాక, "ఇది వరా, జనుమా?" అని దారిన పోయేవాళ్ళను పిలిచి చూపించాడు. కానీ పక్షులు వాలకుండా ఆ ముక్క మీద వల కప్పింది కూడా ఆయనే.

నారుమడిలో పద్దెనిమిదో రోజు నేను చూసింది ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. చుట్టూ అంతా మాడి నేలకు అంటుకుపోయింది. మధ్యలో రెండు వరసలు, అవ్వవి, గుండుసూది మొనంత చుక్కలతో నిటారుగా ఉన్నాయి. నేను వాటిని మూడుసార్లు లెక్కించాను. లేచి మడి గట్టున ఒంటరిగా చప్పట్లు కొట్టాను. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనన్న ధ్యాస కూడా లేదు.

అవ్వకు ఫోన్ చేసి చెబుదామనుకుంటుండగా, నవంబరులో ఆమే కోడలి చేత ఫోన్ చేయించింది. ఆ ఏడు ఆమె తన ముక్కలో వేసిన పంటను కోతకు వారం ముందు అడవిపందులు పడి తొక్కేశాయి. ఒక్క వెన్ను మిగల్లేదు. పాత గింజ కూడా ఇంట్లో లేదు, ఉన్నదంతా వేసేసింది.

"నీ తాన ఉన్నదేనా గింజ, బిడ్డా?" అంది.

"ఉందవ్వా. బాగా పండింది. నీకు దోసెడు కాదు, పండిందంతా, సగం గోతాం తెస్తాను" అన్నాను.

సగం గోతామంట అని అవతల కోడలికి చెప్పడం వినపడింది. తర్వాత, "పండగకు తే. మర్వకు" అంది. ఆమె అత్త కాలం నుంచి వస్తున్న వడ్లు ఇప్పుడు ప్రపంచం మొత్తానికి మా నాన్న వసారాలో ఒక్క గోతాంలో ఉన్నాయన్న సంగతి తెలిసి, నాకు ఆ రోజు నుంచి ఎలుక చప్పుడైతే చాలు గుండె దడదడలాడేది. గోతాన్ని మంచం మీద పెట్టి నాన్నను నేల మీద పడుకోమన్నానని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు. అది మాత్రం అబద్ధం. రేకు పెట్టెలో పెట్టాను.

పండగకు నాలుగు రోజుల ముందు ఇంటికి వెళ్ళి ఆ వడ్లను బయటికి తీశాను. తూర్పారబట్టి, తాలు తీసి, ఒక్క రాయి లేకుండా ఏరాను. అంత ప్రేమగా నేను మా ఇంటి బియ్యం కూడా ఎప్పుడూ ఏరలేదు. ఇక అప్పుడు, నా చదువంతా నా చేతుల్లోకి దిగింది. అగ్గితెగులు గింజ మీద కూడా దాక్కుని వస్తుంది. ఇంకా పొట్టు మీద ఏవేవో బూజులుంటాయి. అవ్వకు ఇక వేరే విత్తనం లేదు. మొలక కుళ్ళిపోతే? ఒక్క గింజ కూడా నష్టపోకూడదు. అందుకని మూత ఉన్న డబ్బాలో వడ్లు పోసి, కొలత ప్రకారం మందు పొడి వేసి, దొర్లించి దొర్లించి విత్తనశుద్ధి చేశాను. వడ్లన్నీ చక్కటి గులాబీ రంగుకు తిరిగాయి.

నాన్న వచ్చి గుప్పెట్లోకి తీసుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. "మందు నాన్నా, చేత్తో ముట్టకు" అన్నాను.

"ఇప్పుడు విత్తనంలా ఉంది. ఇందాక వడ్లలా ఉంది" అన్నాడు మెచ్చుకోలుగా.

మా వైపు అంతే. దుకాణంలో సంచి విప్పితే గింజ గులాబీగానో ఆకుపచ్చగానో లేకపోతే, నకిలీ విత్తనం అంటగట్టాడని గొడవకు పోతారు. రంగు ఉంటేనే నమ్మకం. నాకూ ఆయనకూ ఇద్దరికీ అందులో తప్పు కనపడలేదు. కొత్త గుడ్డ సంచి కుట్టించి, అందులో పోసి, పండగ రోజు తెల్లారగానే బండి ముందు పెట్టుకుని బయల్దేరాను. దారి పొడవునా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను.

నేను వెళ్ళేసరికి ఊరంతా దేవత గుడిసె ముందు కూర్చుని ఉంది. అడ్డాకులు వరసగా పరిచి ఉన్నాయి. కొన్నింటిలో జొన్నలు, కొన్నింటిలో కందులు, సామలు, కొర్రలు. అవ్వ తన ఆకు ముందు కూర్చుని ఉంది. ఆకు ఖాళీగా ఉంది. నన్ను చూడగానే లేవకుండానే రెండు చేతులూ చాచింది. సంచి ఇచ్చాను. ఆమె ముడి విప్పి, రెండు చేతులతో తీసి ఆకులో పోసింది.

గులాబీ గింజలు ఆ ఆకుపచ్చ ఆకులో కుప్పగా పడ్డాయి. వెనక ఎవరో తమ భాషలో ఏదో అన్నారు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నవ్వారు. అవ్వ వేళ్ళకు అంటిన రంగును చూసుకుంది.

"ఏందిది బిడ్డా? నా గింజకు రోగమొచ్చిందా?" అని మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు అడిగింది.

"రోగం రాకుండా మందవ్వా" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. నా గొంతులో ఉన్న గర్వం ఆమెకు తెలిసే ఉంటుంది. వెంటనే అందరి వైపూ తిరిగి, గట్టిగా, "మా బిడ్డ తెచ్చింది. మంచిదే" అంది. ఆ ముక్కతో నవ్వులు ఆగిపోయాయి.

పెద్దాయన కోడిని చంకన పెట్టుకుని మొదటి ఆకు దగ్గర వంగాడు. కోడి జొన్నలు పొడిచింది. రెండో ఆకు. మూడో ఆకు. అవ్వది ఆరోది. నాకు అప్పటికి గానీ వెలగలేదు. ఆ మందు పొట్లం మీద ఎర్రగా రాసి ఉండే మాట, నేను ప్రతి శిక్షణలోనూ రైతులకు గొంతు చించుకుని చెప్పే మాట, ఆ గింజ మనిషి తినకూడదు, పశువుకు పెట్టకూడదు, కోడికి వేయకూడదు. ఆ కోడిని సాయంత్రం ఊరంతా వండుకుని తింటుంది.

కోడి ఐదో ఆకు దగ్గరుంది. అవ్వ నా కోసం పదిమందిలో మాట ఇచ్చి కూర్చుంది. మింగలేను, కక్కలేను. ఒక్క క్షణం, నిజం చెబుతున్నాను, ఒక్క కోడి నాలుగు గింజలు తింటే ఏమవుతుందిలే అన్న పాడు ఆలోచన కూడా వచ్చింది. ఆ తర్వాత నా నోట్లోంచి కేక వచ్చింది.

"ఆగండి! తినిపించొద్దు. అది విషం."

పెద్దాయన కోడిని వెనక్కి లాక్కున్నాడు. నేను నిలబడి చెప్పాను. మందు కలిపానని, మంచికే కలిపానని, అయినా తినకూడదని. చెప్పేకొద్దీ నా మాటలు నాకే చేదుగా ఉన్నాయి. ఆయన కోపం చేసుకోలేదు. ఓపిగ్గా అంతా విని అడిగాడు.

"తినరాని గింజను భూమికెట్ల తినబెడతం మేడమ్?"

అవ్వ తలెత్తలేదు. ఆకును నాలుగు వైపులా మడిచి, ఒక్క గింజ కింద పడకుండా, వడ్లన్నీ మళ్ళీ నా సంచిలో పోసింది. ఆమె ముందున్న చోటు ఖాళీ అయింది. ఈ ఏడు ఆమె వేయదు. అత్త చేతి నుంచి ఏటేటా వస్తున్న వరస ఈ ఏడు తెగిపోతుంది. అది నా వల్ల. పందుల వల్ల కాదు, తెగులు వల్ల కాదు. ఏడుపు ఆపుకోవడానికి నేను సంచి ముడి గట్టిగా వేస్తూ కూర్చున్నాను.

అలా ముడి వేస్తుండగా గుర్తొచ్చింది, పరీక్ష! ఏ విత్తనానికైనా మందు పూసే ముందు, గింజ మీద ఏ బూజులున్నాయో చూడటానికి మందులేని గింజలు నాలుగు వందలు తీసి, తడి కాగితాల మీద పరిచి పరీక్షించాలి. మొదలు పరీక్ష, తర్వాత మందు అన్నది పాఠం. నేను నెల క్రితమే నాలుగు వందల గింజలు లెక్కపెట్టి కవర్లో వేసి, రేపు మాపు అంటూ వాయిదా వేశాను. ఎలాగూ మందు పూస్తున్నానుగా, పరీక్ష ఎందుకులే అని బద్ధకించాను. ఆలస్యం అమృతం విషం అంటారు. నా విషయంలో విషం కానివి ఆలస్యమైన ఆ నాలుగు వందలే. అవి నా టేబుల్ సొరుగులో ఉన్నాయి.

"అవ్వా, గుప్పెడున్నాయి. మందు లేనివి. పోయి తెస్తాను. గుప్పెడు సరిపోతుందా?" అన్నాను.

అవ్వ పెద్దాయన వైపు చూసింది. ఇద్దరూ తమ భాషలో కాసేపు మాట్లాడుకున్నారు.

"పొద్దు గుంకేదాక ఉంటం. జల్దీ రా" అంది అవ్వ.

రానుపోను నాలుగున్నర గంటల దారి. ఆ రోజు బండి ఎలా నడిపానో నాకే తెలియదు. ఆఫీసుకు వెళ్ళి సొరుగు లాగాను. కవరు అక్కడే ఉంది, మీద నా దస్తూరీతో "పరీక్ష చేయాలి" అని. మంచినీళ్ళు కూడా తాగకుండా వెనక్కి తిరిగాను. వెళ్ళేసరికి ఎండ చల్లబడింది. పండగ సగంలో ఆగి ఉంది. వాళ్ళు మిగతా ఆకులన్నీ పూర్తిచేసి, అవ్వ ఆకు ముందు కోడిని కాలికి తాడు కట్టి ఉంచారు. నా కోసం ఊరు ఊరంతా ఆకలితో కూర్చుని ఉంది.

కవరు చింపి కొత్త ఆకులో పోశాను. మామూలు వడ్లు, ఎర్రటి పొట్టువి. అరచేతి గుంటలో సరిపోయేన్ని. నాకు వాటిని చూస్తే ప్రాణం లేచి వచ్చింది. కానీ పెద్దాయన కోడిని చంకలోకి తీసుకున్నాడు, దించలేదు.

"రంగు లేని మందు గూడ ఉంటది గద మేడమ్" అన్నాడు.

ఉంటుంది. ఆయన అడగడంలో తప్పు లేదు. పొద్దున కళ్ళ ముందు అంత జరిగాక నేనైనా అడుగుతాను. ఒట్టు పెట్టబోయాను. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒట్లెందుకు? నువ్వు తిను బిడ్డా" అంది.

నేను చిటికెడు తీయబోయాను. "గన్ని ఎందుకు? అయిదు చాలు. దండుగ చెయ్యకు" అని గద్దించింది.

ఐదు గింజలు నోట్లో వేసుకున్నాను. ఇన్నేళ్ళుగా ఎన్ని వందల రకాల గింజలు నా చేతుల మీదుగా పోయాయో. లెక్కపెట్టాను, తూచాను, మందులు పూశాను, ఊరూరా పంచాను. నేను పంచే విత్తనాన్ని నువ్వు తినగలవా అని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. పొట్టు నాలుక మీద గరగరలాడింది. నమిలేకొద్దీ లోపలి గింజ పాలుగా మారి తియ్యగా తగిలింది. ఊరంతా కన్నార్పకుండా నా మొహంలోకి చూస్తోంది. మింగాను. ఇంకాసేపు చూశారు. నేను పడిపోలేదు.

పెద్దాయన కోడిని దించాడు. అది అటు చూసింది, ఇటు చూసింది, నా కాలి దగ్గరున్న చీమను పొడిచింది. తర్వాత టకటకా అవ్వ ఆకులోకి ముక్కు పెట్టింది. ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. ఆకలి మీదున్న కోడి ఆగేట్టు లేదు. "ఇగ చాలు, చాలు!" అని అవ్వే దాన్ని తోసేసింది. అందరం నవ్వాం. నాకైతే నవ్వుతో పాటు కళ్ళ నీళ్ళూ వచ్చాయి.

ఇక ఆమె ఆ గింజల్ని కొంగున ముడేసుకుంటుందనుకున్నాను. ఆమె అలా చేయలేదు. ఆకులోనే వేలితో చిన్న చిన్న కుప్పలు చేయడం మొదలుపెట్టింది. కుప్పకు పదిహేను, పదహారు గింజలు. చేస్తూ చేస్తూ ఒక్కో ఇంటి మనిషినీ పిలిచి చేతిలో పెట్టింది. కొండవడ్లు వదిలేసి పదేళ్ళయిన వాళ్ళు, పత్తి తప్ప ఏమీ వేయని వాళ్ళు, ఆమె కొడుకులు, అందరూ చెయ్యి చాచారు. ఎందుకంటే ఆ ఊళ్ళో పండగనాడు ఎవరైనా గింజ పెడితే వద్దనకూడదు. పెట్టించుకున్న గింజను భూమిలో వేయకుండా ఉండకూడదు. ఆమె మాట ఎన్నేళ్ళుగానో వినని ఊరు మొత్తాన్ని ఆమె ఆ సాయంత్రం వాళ్ళ ఆచారంతోనే కట్టేసింది. నాకు అప్పుడామె మీద కలిగిన గౌరవం ఏ పెద్ద శాస్త్రవేత్త మీదా కలగలేదు.

"పదిహేను గింజలతో ఏమవుతుందవ్వా?" అన్నాను ఉండబట్టలేక.

"వచ్చేయేడు దోసెడు. ఆ పైయేడు గంప. ఒక్క నా చెలకల్నే ఉంటే పందికి ఒక్క పూట చాలు. ఊరంత ఉంటే ఎన్నని తింటది?" అంది.

ఇరవై మూడు ఇళ్ళూ తీసుకున్నాయి. ఆకులో ఇంకో కుప్ప మిగిలింది. నేను మొదటి నుంచీ లెక్కపెడుతూనే ఉన్నాను, నా అలవాటు అది.

"లెక్క తప్పావవ్వా. ఒకటి ఎక్కువైంది" అన్నాను.

"తప్పలే. అది నీ ఇంటిది."

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. పొద్దున ఆమె పరువు తీసిన చేతులు అవి. గులాబీ గింజల సంచి ఇంకా బండికే కట్టి ఉంది. ఇంత జరిగాక ఆ కొద్ది గింజల్లో నాకు వాటా ఏమిటి? వద్దని చెప్పబోయాను. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. వద్దనకూడదన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

దోసిలి పట్టాను. అవ్వ ఆ పదిహేను గింజల్నీ అందులో వేసి, నా వేళ్ళను తన వేళ్ళతో ఒక్కొక్కటిగా మూసింది.

"మళ్ళొచ్చే పండగకు అందరి లెక్కనే నువ్వు గూడ తేవాలె" అంది. "తినేటట్టు తే."